అత్తగారు తప్పిపోవలసిన ఉదయం

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి అత్తగారు తప్పిపోవాలి. తొమ్మిదిన్నరకల్లా దొరకాలి. ఈలోగా ఆవిడ కదలకూడదు, మెదలకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు.

"పదింటిదాకా అలాగే ఉండండత్తయ్యా. ఆలస్యమైనా మేమే వచ్చి లేపుతాం," అని ఇంజనీరు అల్లుడు అప్పటికి నాలుగోసారి చెప్పాడు.

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టినదాన్ని. నాకు నేర్పకు," అంది ఆవిడ. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. చేతి సంచీ, ఫోనూ కూతురి చేతిలో పెట్టి, మూతబడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో పడమటి గోడ దగ్గర, నడుమెత్తు పెరిగిన పిచ్చిమొక్కల మధ్య వెల్లకిలా పడుకుంది.

ఇది సరదాకి చేస్తున్న పని కాదు. మూడేళ్ళ కిందట మామగారు, మతిమరుపు బాగా ముదిరిన రోజుల్లో, పొద్దున్నే గేటు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. మూడోరోజున దొరికారు, ఇంటికి అరమైలు దూరంలో, గడ్డి పెరిగిన ఒక ఖాళీ స్థలంలో. రెండోరోజు సాయంత్రం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక కూతురు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళలేదు. పడిపోయిన మనిషిని ఒంటి వేడిని బట్టి తనంతట తనే వెతికి పట్టుకునే డ్రోను తయారు చేద్దామంది. భర్త రెక్కలూ మోటార్లూ బిగించాడు. దాని బుర్ర ఆమె రాసింది.

డ్రోన్ల కంపెనీలు పెట్టుకునేవాళ్ళకి పన్నెండు వారాలపాటు చోటూ, సలహాలూ ఇచ్చే యాక్సిలరేటర్ ఒకటి వీళ్ళను చేర్చుకుంది. చివరి రోజున పెట్టుబడిదారుల ముందు పరీక్ష. నెగ్గితే డ్రోను బయటి ప్రపంచం చూస్తుంది, లేకపోతే అటకెక్కుతుంది. వీళ్ళకు కేటాయించిన మెంటరు పన్నెండు వారాలూ ఇచ్చిన సలహా ఒక్కటే, "నమ్మకంగా కనిపించండి" అని. అందుకని భార్యాభర్తలు ఆయనకు నమ్మకం మాస్టారని పేరు పెట్టుకున్నారు.

ఎనిమిదిన్నరకు, కూలిన గోడ సందులోంచి కుక్కను తిప్పుకుంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. మొక్కల్లో ఒక ముసలావిడ. "అమ్మా" అన్నాడు, పలకలేదు. భుజం తట్టాడు. కుక్క ముఖమంతా నాకింది. ఆవిడ రెప్ప కూడా కదపలేదు. ఆయన అంబులెన్సుకు ఫోను చేశాడు.

స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే అత్తగారు ఒక కన్ను వెంట్రుకవాసి తెరిచి, అటెండరు చేతి గడియారం చూసింది. తొమ్మిదికి పది నిమిషాలు. ఇదంతా పరీక్షలో భాగమేననుకుంది. అంబులెన్సు దాకా మాట్లాడి పెట్టాడంటే అల్లుడు తాననుకున్నంత చేతకానివాడు కాదని కూడా అనుకుని, కన్ను మూసేసింది.

తొమ్మిదింటికి, ఆవరణకు రెండో కొసనున్న షెడ్డులోంచి, వరసల్లో కూర్చున్న పెట్టుబడిదారులు చూస్తుండగా డ్రోను లేచింది. అది ముందు పడమటి వైపంతా తిరిగింది. ఏమీ లేదంది. తూర్పుకు మళ్ళి, బాయిలర్ షెడ్డు వెనక, గట్టున తుక్కు రేకులు పేర్చిన మురుగుకాలవ మీద ఆగి నిలబడిపోయింది. తెరమీద ఎర్రటి చుక్క వెలిగింది. మనిషి, తొంభై శాతం.

"భేష్. మీ అత్తగారేనా?" అని అడిగాడు మెంటరు.

"ఆవిడ పడమటి వైపు కదండీ," అన్నాడు ఇంజనీరు. వెనక్కి రమ్మని మీట నొక్కాడు.

డ్రోను వచ్చింది. మళ్ళీ వదిలితే పడమర వైపు చూడనైనా చూడకుండా నేరుగా కాలవ మీదికే వెళ్ళి నిలబడింది. తొంభై మూడు శాతం.

"వెళ్ళి చూసొస్తాను," అంది భార్య.

"డ్రోను పైనుండగా ఎవరూ ఆవరణలోకి దిగకూడదమ్మా. రూలు," అన్నాడు మెంటరు.

"ఏ కుక్కో పడుకుని ఉంటుందిలే," అన్నాడు భర్త.

"కుక్కకీ మనిషికీ తేడా దానికి నేర్పాను."

"నేర్చుకున్నట్టు లేదుగా మరి."

వెనక వరసలో ఎవరో నవ్వారు. మెంటరు వంగి, "నమ్మకంగా కనిపించండి," అని చెవిలో అన్నాడు. ఇంజనీరు లాప్‌టాప్ ముందుకు లాక్కుని, పటంలో ఆ కాలవ చుట్టూ వేలితో ఒక గీత గీశాడు. ఈ చోటు చూడవద్దని దాని అర్థం. డ్రోను బుద్ధిగా మూడోసారి లేచి, ఆ గీతను తాకకుండా పక్కనుంచి పోయి, ఆవరణంతా గాలించి, ఎవరూ లేరని చెప్పి దిగింది.

పెట్టుబడిదారులు చేతి గడియారాలు చూసుకుని లేచారు. భార్య ఎవరితోనూ మాట్లాడకుండా పడమటి గోడ వైపు పరుగెత్తింది. అక్కడ నలిగిన మొక్కలూ, తల్లి చెప్పు ఒకటీ ఉన్నాయి. గోడ అవతల కుక్కాయన ఇంకా ఎవరికో జరిగింది చెబుతున్నాడు.

"ఎవరో పెద్దావిడండీ, పాపం. పోయినట్టే ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు," అన్నాడామెతో.

ఆటోలో ఆమె చెప్పును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అప్పుడు నాన్న, ఇప్పుడు అమ్మ. అమ్మనైతే మనమే పడుకోబెట్టాం," అంది.

ఆసుపత్రిలో ఆవిడ బతికే ఉంది. చేతికి సెలైను పెట్టారు. "స్పృహలో లేరు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, కారణమే అంతుపట్టడం లేదు," అంటున్నాడు డాక్టరు. ఇంతలో గోడ గడియారం పది కొట్టింది. అత్తగారు లేచి కూర్చుంది.

"నెగ్గారా?" అంది.

కూతురు తల్లిని కావలించుకుని ఏడ్చింది. అల్లుడు జరిగిందంతా చెప్పాడు. గీత గీసిన సంగతి దగ్గర కాస్త మింగాడు గాని, ఆవిడ నిలదీసి అదీ చెప్పించింది.

"నేను ఇక్కడున్నాను," అంది ఆవిడ, లెక్క తప్పు చేసిన పిల్లవాడితో మాట్లాడినట్టు. "మరి అక్కడున్నదెవరు?"

భార్యాభర్తలిద్దరూ ఫ్యాక్టరీకి పరుగెత్తారు.

కాలవలో ఉన్నది ఫ్యాక్టరీ వాచ్‌మన్. ముందురోజు సాయంత్రం రేకుల దొంతర జారి కాలి మీద పడింది. ఫోను గేటు గదిలోనే ఉండిపోయింది. వారమంతా ఒక్కడే కాపలా కాబట్టి అడిగే దిక్కు లేదు. సెక్యూరిటీ ఏజెన్సీ రిజిస్టరులో ఆ రోజు హాజరు కూడా ముందే పడి ఉంది. రేకులు ఎత్తుతుంటే అతను ఇంజనీరు ముఖం వంక చూశాడు.

"రెండుసార్లు నెత్తిమీదికొచ్చి నిలబడింది సార్. చెయ్యూపాను. మూడోసారి పక్కనుంచి పోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నా."

పాదం తీసేశారు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే దక్కేదేమో అన్నాడు సర్జను, నేలవైపు చూస్తూ. ఇంజనీరు ఆ వారమంతా రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. ఒకరోజు గీత సంగతి చెప్పేశాడు. వాచ్‌మన్ దుప్పటి కిందికి చూసుకుని, "నీళ్ళందించు సార్," అన్నాడు. భార్య మాత్రం భర్తను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండునని అతనికి రోజూ అనిపించేది.

యాక్సిలరేటర్ నుంచి ఉత్తరం వచ్చింది. డ్రోను చెప్పిన మాట వినదని, ఎంపిక చేయలేదని రాశారు.

పదోరోజున ఆ సెక్యూరిటీ ఏజెన్సీ మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. ఇలాంటి డ్రోన్లు నలభై కావాలన్నాడు. ఇంజనీరు భార్యను పిలిచాడు. ఆమె ముఖంలో ఆ పది రోజుల్లో మొదటిసారిగా వెలుగు కనిపించింది.

"మీ వాచ్‌మన్లు ఎక్కడైనా పడిపోతే వెంటనే తెలుస్తుందండీ," అంది.

"పడిపోయినవాళ్ళు కాదమ్మా, డ్యూటీలో పడుకున్నవాళ్ళు కావాలి," అన్నాడు మేనేజరు. "జీతం కోయాలి."

పడిపోయినవాడికీ పడుకున్నవాడికీ తేడా దీనికి ఇంకా తెలియదని ఆమె నెమ్మదిగా చెప్పింది. తమకూ తెలియదనీ, ఇన్నేళ్ళలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదనీ ఆయన అన్నాడు.