తిరుమలమ్మ అడిగిన పి.ఐ.ఓ.

వడమాలపేటలో తిరుమలమ్మ తెల్లవారి ఐదు గంటలకే ఒక పెట్టె, ఒక గుడ్డసంచి ముందు పెట్టుకుని కూర్చుంది. పెట్టె ఐర్లాండుకు, సంచి చిత్తూరుకు. పెట్టెలో మనవరాలు ధరణివి ఉన్ని బట్టలు సగం సర్ది ఆపేసింది. సంచిలో ధరణి పాస్‌పోర్టు, పుట్టిన సర్టిఫికెట్టు, నాలుగు ఫోటోలు, ఒక డబ్బా పులిహోర, నీళ్ల సీసా పెట్టింది. చిత్తూరులో పని జరిగితే పెట్టె విప్పవచ్చు. జరగకపోతే ఆదివారం దానికి తాళం వేయాలి. ఆ రోజు శుక్రవారం, 2006 జూన్ 16.

తిరుమలమ్మ కూతురు పల్లవి ఐర్లాండులో నర్సుగా పనిచేసి, ఇక చాలనుకుని డిసెంబరులో బిడ్డతో ఇంటికి వచ్చేసింది. అల్లుడు రూపేష్ ఒప్పందం ముగించుకుని వచ్చే డిసెంబరుకు వస్తాడు. తిరుపతిలో ఒక ఆసుపత్రివారు పల్లవిని తాత్కాలికంగా చేర్చుకుని, ఇక్కడే ఉండిపోయేటట్టయితే పర్మనెంటు చేస్తామన్నారు. చిక్కంతా ఆరేళ్ల ధరణితోనే. ఆ పిల్ల ఐర్లాండులో పుట్టింది, పాస్‌పోర్టు అక్కడిది. అంటే అమ్మమ్మ ఇంట్లో సంగటి తింటూ, మేకపిల్లల వెంట తిరుగుతూ ఉన్న ధరణి, ప్రభుత్వం లెక్క ప్రకారం విదేశీయురాలు. ఆమె వీసా ఇరవయ్యో తేదీతో ముగుస్తుంది. పొడిగించమని ఏప్రిల్‌లోనే చిత్తూరులో అర్జీ ఇచ్చారు. మూడుసార్లు వెళ్లి అడిగితే మూడుసార్లూ "ఇంకా రాలేదు" అన్నారు. ఈసారీ అదే మాట వస్తే తల్లీబిడ్డలు ఆదివారం తిరుగు టికెట్టు మీద వెళ్లిపోవాలి. ఇక్కడి ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

తిరుమలమ్మకు వెళ్లేవాళ్లంటే భయం. పెళ్లయ్యాక పొట్లం కాగితాలు చూసి తనంతట తాను అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. నేర్చుకున్న అక్షరాలతో వంటింటి తలుపు వెనక, పాత క్యాలెండరు వీపు మీద, పెన్సిలుతో ఒక పట్టీ రాసుకుంది. "చిన్నాన్న వెంకటముని, కోలారు గనులకు, 1952, రాలేదు." "మా ఆయన, పెద్దాసుపత్రికి, 1989 ఆగస్టు 3, రాలేదు." "పచ్చ గొడుగు, పుత్తూరు బస్సులో, 1994, రాలేదు." అన్నిటికంటే కింద కొత్త వరుస ఒకటి ఉంది. "ధరణి, ఐర్లాండుకు, 2006 జూన్ 18." ఆ తర్వాత ఖాళీ. ఆ రోజు చెయ్యి వణికితే అక్షరాలు బాగుండవని ముందే రాసిపెట్టింది.

"మా, నాకీ పొద్దు సెలవు దొరకదు. నువ్వు పోయి నిదానంగా అడిగి రా. కొట్లాడొద్దు," అంది పల్లవి జడ వేసుకుంటూ.

"నేను ఎవరితో కొట్లాడినానే?"

"పోయిన తూరి కిటికీలో చెయ్యి పెట్టి ఆయప్ప రిజిస్టరు పట్టుకున్యావంట."

"గాలికి ఎగరతా ఉంటే పట్టుకున్యా."

ఈసారి తిరుమలమ్మ దగ్గర ఒక కొత్త మాట ఉంది. ముందురోజు తిరుపతి బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు రఘునాథ్ చెప్పిన మాట అది. "వీసా అని పట్టుకుని ఏలాడొద్దు పెద్దమ్మా. ఇట్లాంటి బిడ్డలకు రెండు కార్డులుండాయి. పి.ఐ.ఓ. అని ఒకటి, పదిహేనేండ్లకు ఇస్తారు. ఓ.సి.ఐ. అని కొత్తగా వచ్చినాది, అది జీవితాంతం. ఏదో ఒకటి చేతికొస్తే ఇంక గొడవ లేదు."

తిరుమలమ్మ కాసేపు ఆలోచించింది. "ఓ.సి.లది మనకెట్లిస్తారప్పా? మనం బి.సి.లం గదా?"

రఘునాథ్ అప్పుడు ఎవరిదో రేషన్ కార్డు మెషిన్‌లో పెట్టి నొక్కుతున్నాడు. ఆ చప్పుడులో ఏం వినపడిందో ఏమో, "అవునవును," అన్నాడు. అందుకని తిరుమలమ్మ రెండోదాని మీద ఆశ వదులుకుని, బస్సు టికెట్టు వెనక "పి.ఐ.ఓ." అని మాత్రం రాసుకుంది.

చిత్తూరు బస్సులో ధరణి కిటికీ పక్కన కూర్చుని అడిగింది. "అవ్వా, ఆడ మనల్ని తిడతారా?"

"ఎందుకు తిడతారు అమ్మణ్ణీ? అడిగేదానికి పోతాండాం."

"పోయిన తూరి అడిగితేనే గదా తిట్టింది."

తిరుమలమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. పులిహోర డబ్బా మూత తీసింది.

వీసా అర్జీలు తీసుకునే ఆ ఆఫీసులో వారం కిందటే ఒక కొత్త బోర్డు పెట్టారు. రంగు వాసన ఇంకా పోలేదు. సమాచార హక్కు చట్టం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఎవరైనా కాగితం మీద అడిగితే, ఆఫీసులో ఏ ఫైలు ఏమైందో ముప్పై రోజుల్లో చెప్పాలి. అలా చెప్పాల్సిన ఉద్యోగిని పౌర సమాచార అధికారి అంటారు. ఇంగ్లీషులో పొట్టిగా పి.ఐ.ఓ. ఆ పదవి ఆఫీసులో ఎవరూ కోరుకోలేదు. గోవిందయ్య అనే గుమాస్తా సెలవు పెట్టిన రోజు చూసి అతని పేరు బోర్డు మీద రాయించేశారు. సెలవు నుంచి వచ్చి బోర్డు చూసుకున్న గోవిందయ్య ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదన్నదొక్కటే అతనికి ధైర్యం.

తిరుమలమ్మ ధరణిని వరండా బల్ల మీద కూర్చోబెట్టి, డబ్బా చేతికిచ్చి, తాను లోపలికి వెళ్లింది. గుమ్మంలో అటెండరు చిన్నబ్బ నిలబడి ఉన్నాడు. ఏడాదిలో రిటైరవుతాడు.

"ఏం కావాలవ్వా?"

"పి.ఐ.ఓ. కావాల నాయనా."

చిన్నబ్బ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవురు పంపినారు?"

"తిరుపతిలో రఘునాథ్ అని, జిరాక్సులు తీస్తాడు."

చిన్నబ్బ లోపలికి వెళ్లి గోవిందయ్య చెవిలో చెప్పాడు. "సార్, వచ్చేసినారు. ముసలామెను ముందు పెట్టుకోనుండారు. ఎనకాల జిరాక్సులు తీసే మనిషి ఉండాడంట."

గోవిందయ్య లేచాడు. "టీ తాగొస్తా," అన్నాడు. గొడుగు, క్యారియరు, కళ్లజోడు పెట్టె తీసుకున్నాడు. బల్ల మీది అద్దం ఎత్తి దానికింద ఉన్న దేవుడి పటం కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు. టీకి అవన్నీ ఎందుకో ఎవరూ అడగలేదు. వెనక తలుపు నుంచి వెళ్లాడు.

సూపరింటెండెంటు దొరస్వామి స్వయంగా ఎదురొచ్చి తిరుమలమ్మకు కుర్చీ వేయించాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పించాడు. తిరుమలమ్మ కుర్చీ అంచునే కూర్చుంది. మూడుసార్లు వచ్చినప్పుడు కిటికీ బయటే నిలబెట్టారు. 1989లో పెద్దాసుపత్రిలో డాక్టరు కూడా, ఆ మాట చెప్పేముందు, ఇలాగే కుర్చీ వేయించాడు.

"చెప్పండమ్మా, ఎన్నాళ్లది కావాల?" అన్నాడు దొరస్వామి.

"పదిహేనేండ్లది సామీ."

"పదిహేనేండ్లదా?"

"జీవితాంతంది కూడా ఉండాదంట. అది మాబోటోళ్లకు ఇయ్యరు గదా. కులం సూసి ఇస్తారంట."

దొరస్వామి చేతిలో పెన్ను కిందపడింది. "అయ్యయ్యో, ఆ మాట మాత్రం అనొద్దమ్మా. ఈ ఆఫీసులో అట్లాంటిది లేదు. ఇంతకీ ఎవరి పేరు మీద అడగతాండారు?"

"ధరణి పేరు మీద. నాకెందుకు సామీ ఈ వయసులో."

ధరణి అనే పత్రిక ఏదీ దొరస్వామికి గుర్తు రాలేదు. గుర్తు రానివే ప్రమాదమని అతని అనుభవం. "యాడిది ఈ ధరణి?" అన్నాడు మెల్లగా.

"ఐర్లాండుది. ఆడనే మొదలు. డిసెంబరులో ఈడికొచ్చినాది. వచ్చినప్పట్నుంచి అన్నీ గమనిస్తాది. ఏదీ మరిచిపోదు."

పక్క సీటులో టైపిస్టు యశోదమ్మ చేతులు టైపు మిషను మీద ఆగిపోయాయి.

"ఎప్పటిలోగా కావాలమ్మా?"

"ఇరవై లోపల. లేకపోతే ఏముండాది, ఆదివారం ఢిల్లీ విమానమే. ఆడినుంచి ఐర్లాండు." తిరుమలమ్మ కళ్లు తుడుచుకుంది. "పెట్టె కూడా సర్దినాను."

"ఢిల్లీదాకా ఎందుకమ్మా, ఈడనే తేల్చుకుందాం," అన్నాడు దొరస్వామి. లేచి హాలంతా వినపడేలా చెప్పాడు. "అప్పా, అందరూ రాండి. తొంభై ఒకటో సంవత్సరం నుంచి ఉండే కట్టలన్నీ దించండి."

అటక మీదినుంచి కట్టలు దిగడం మొదలైంది. దుమ్ము లేచింది. రెండు బల్లులు, ఎవరో పోగొట్టుకున్న ఒక చెప్పు, 1998 నుంచి వెతుకుతున్న ఆఫీసు గోడగడియారం దిగాయి. యశోదమ్మ వరసగా తొమ్మిదిసార్లు తుమ్మింది. తిరుమలమ్మ కట్టల వంక చూస్తూ కూర్చుంది. ఇంతమంది బిడ్డలు వెళ్లిపోయారా అనుకుంది. ఆమె పట్టీ ఒక్క క్యాలెండరుకే సరిపోయింది.

పులిహోర ముగించి ధరణి లోపలికి వచ్చింది. ఖాళీ డబ్బా ఒడిలో పెట్టుకుని ఒక కట్ట మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే చిన్నబ్బ ఒక పాత కట్ట ఎత్తాడు. దారం పట్టుకోవడానికి కింద అట్టలా పెట్టి కట్టిన ఒక కవరు జారి నేలమీద పడింది. చిన్నబ్బ దానిమీది పేరు చదివాడు.

"సార్, ధరణి ఫైలు మన దగ్గరే ఉండాది."

దొరస్వామి గోడ పట్టుకున్నాడు. "మనం ఆళ్లమీద ఫైలు పెట్టినామా? ఎవుడు పెట్టమన్యాడప్పా?"

కవరు తెరిచాడు. మొదటి కాగితానికి ఒక చిన్నపిల్ల ఫోటో గుండుసూదితో గుచ్చి ఉంది. రెండు జడలు, ముందుపన్ను లేదు. దొరస్వామి ఫోటోను చూశాడు. కట్ట మీద కూర్చుని వేళ్లు నాకుతున్న పిల్లను చూశాడు. మళ్లీ ఫోటోను చూశాడు.

"ఈ పాప ఎవరు?"

"ఇందాకట్నుంచి చెప్పతానే ఉండా గదా సామీ. ధరణి. ఐర్లాండుది."

"అంటే మీకు కావాల్సింది పి.ఐ.ఓ. కార్డా?"

"కార్డు గాక ఇంకేం పి.ఐ.ఓ. ఉండాది సామీ?"

హాలులో మొదట చిన్నబ్బ నవ్వాడు. తర్వాత యశోదమ్మ, ఆమె నవ్వులో ఇంకో తుమ్ము. దొరస్వామి మాత్రం నవ్వలేదు. అతను రెండో కాగితం చదువుతున్నాడు. అది హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తర్వు. ధరణి వీసాను ఏడాది పొడిగించమని మే తొమ్మిదిన సంతకమైంది. "ఇంకా రాలేదు" అని చివరి రెండుసార్లు వాళ్లకు చెప్పేటప్పటికి అది పాత కట్టకు అడుగున బిగిసి ఉంది.

పత్రిక లేదనీ, ఢిల్లీ లేదనీ తెలిశాక దొరస్వామి ముఖం మామూలు ఆఫీసు ముఖమైంది. అలవాటు కొద్దీ "సోమవారం రాండి, ముద్ర..." అనబోయాడు.

"మా అవ్వ రాసుకుంటాది," అంది ధరణి డబ్బాలోకి చూస్తూ. "తేదీ గూడా ఏసి, తలుపెనక పెడతాది."

నేలమీద పదిహేనేళ్ల కట్టలు పరిచి ఉన్నాయి. ఫైలు దొరకలేదని అనే వీలు లేదు. దొరస్వామి ముద్ర తెప్పించి, పాస్‌పోర్టులో వేసి, పై అధికారి సంతకం తానే వెళ్లి తెచ్చాడు. తర్వాత, అంతసేపు కుర్చీలో కూర్చోబెట్టిన మర్యాద కొద్దీ, కార్డుల సంగతి విడమరిచి చెప్పాడు. ఏ కార్డుకైనా మద్రాసులో దరఖాస్తు చేయాలి. వీసా ఏడాది ఉంది కాబట్టి తొందరేం లేదు.

"ఏది తీసుకుంటారు? పదిహేనేండ్లదా, జీవితాంతందా?"

"అది ఓ.సి.లకు గదా సామీ?"

"ఆ ఓ.సి. వేరే, ఈ ఓ.సి.ఐ. వేరే. దీంట్లో కులం కాలమే లేదమ్మా."

"మన దేశంలో అట్లాంటి కాగితం గూడా ఉండాదా?" తిరుమలమ్మ నమ్మలేనట్టు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "జీవితాంతమంటే ఎవరి జీవితాంతం సామీ?"

"పాప జీవితాంతం."

"అట్లయితే అదే. నా జీవితాంతమేమో, ఎన్నాళ్లకని తీసుకునేదా అనుకున్యా."

దొరస్వామి ఈసారి నవ్వాడు. "పాప మూలాలు ఈ దేశానివే అనేదానికి రుజువు అడగతారు. ఏముండాది మీ దగ్గర?"

"నేను ఉండాను గదా," అంది తిరుమలమ్మ.

బయటికి వచ్చి, ఆఫీసు ఎదుటి ఎస్టీడీ బూతు నుంచి ఆసుపత్రికి ఫోన్ చేసింది. పల్లవిని పిలిపించడానికి చాలాసేపు పట్టింది. "ఏం మా? ఏమన్యారు? మళ్లీ కొట్లాడినావా?"

"లేదు. కుర్చీ ఏసినారు."

"కుర్చీ ఎందుకేసినారు?" అంది పల్లవి గబుక్కున. ఆమెకూ 1989 గుర్తుంది.

"కూచునేదానికే. ఏడాది ఇచ్చినారు. ఇంటికొచ్చి పెట్టె విప్పు."

ధరణి ఫోన్ లాక్కుని, "అమ్మా, ఆడ గడియారం దొరికినాది," అని చెప్పింది.

జూలైలో తల్లీకూతుళ్లు ఒక కాగితానికి నకలు కోసం మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లారు. పల్లవి ఉద్యోగం పర్మనెంటయింది. ధరణి బడిలో ఉంది. బోర్డు మీద పి.ఐ.ఓ. అన్నదాని ఎదుట, జూన్‌లో బయటికి వస్తూ తిరుమలమ్మ చదివిన గోవిందయ్య పేరు చెరిపేసి ఉంది, కొత్త పేరు రాయలేదు. గోవిందయ్య సార్ యాడ అని తిరుమలమ్మ చిన్నబ్బను అడిగింది. ఆ పొద్దు టీకి పోయినోడు మళ్లీ ఈ గడప తొక్కలేదనీ, సెలవు చీటీ పోస్టులో వచ్చిందనీ, దాని వెనకే బదిలీ కూడా వచ్చిందనీ చిన్నబ్బ చెప్పాడు.

సాయంత్రం ఇంటికి రాగానే తిరుమలమ్మ వంటింటి తలుపు వెనక్కి వెళ్లింది. ధరణి బడిసంచిలోంచి రబ్బరు తీసుకుని, చివరి వరుసలో మనవరాలి పేరు, ఐర్లాండు, రెండూ తుడిచింది. తేదీని వృథా చేయలేదు. పద్దెనిమిదిలోని ఎనిమిదికి పైన కుడివైపు కొంచెం చెరిపితే ఆరయింది. మిగతాది పెన్సిలుతో నింపింది. చెయ్యి వణకలేదు.

"గోవిందయ్య, టీ తాగేదానికి, 2006 జూన్ 16, రాలేదు."