వెస్టిండీస్ ప్రాక్టీసు

శుక్రవారం పొద్దున్నే కళింగపట్నం వెళ్ళాలి. ఓ పూట పడవలో తిరగాలి. చీకటి పడకముందే ఇంటికి వచ్చేయాలి. లక్ష్మణరావు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. అయినా ఆయన దాచుకున్నాడు. తంటా అంతా అక్కడే మొదలైంది.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆయనకి స్టీలు సామాన్ల కొట్టుంది. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయన్న సంబరంలో, చుట్టాలందరూ వింటుండగా, భార్య కన్యాకుమారి ఎక్కడికి తీసుకెళ్ళమంటే అక్కడికి తీసుకెళ్తానని మాటిచ్చేశాడు. కాశీ అంటుందనుకున్నాడు. మరీ ముచ్చటపడితే ఊటీ అంటుందనుకున్నాడు. ఆమె డొమినికా అంది. చుట్టాల్లో సగం మంది అదేదో కొత్తరకం చీర అనుకుని, మంచి పనే, కొనిపెట్టమన్నారు.

అది చీర కాదు, కరీబియన్ సముద్రంలో ఒక దీవి. వెస్టిండీస్ అని మనం అనుకునే దీవుల్లో అదొకటి. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కన్యాకుమారి తెలుగులో వచ్చే జంతువుల చానల్ చూస్తుంది. ఆ దీవిని ఆమె అందులోనే చూసింది. నిండా అడవి, కొండలు, ఆ కొండల నడుమ ఎప్పుడూ కుతకుతలాడే నీళ్ళ చెరువు, ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని పెద్ద చిలక, ఒడ్డుకి కాస్త అవతలే తిమింగలాలు. షాపింగు వద్దు, పెద్ద హోటళ్ళు వద్దు, ఆ అడవిలో నడవాలి, ఆ చిలకని చూడాలి, తిమింగలం ఊపిరి వదులుతుంటే వినాలి అని ఆమె తేల్చి చెప్పింది.

"నీళ్ళు మరగడం సూడ్డానికి అంత దూరం ఏటే? మన కొట్లో గిన్నెలు నేవా?" అన్నాడు లక్ష్మణరావు ఒకసారి. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు ఇంట్లో ఆయన కాఫీకి నీళ్ళు మరగలేదు. దాంతో పాస్‌పోర్టులకి దరఖాస్తు పెట్టాడు.

అవి వచ్చాక విశాఖపట్నంలో టూర్లు కట్టే కుర్రాడొకడిని పట్టుకున్నారు. తిమింగలాల కోసం పూటంతా పడవలోనే ఉండాలని, అలవాటు లేనివాళ్ళు ముందే కాస్త సాధన చేసుకుంటే మంచిదని అతను చెప్పాడు. లక్ష్మణరావు పార్వతీపురం బస్సెక్కినా ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకునే మనిషి. అందుకని సాధన తప్పలేదు. సముద్రం దగ్గర్లో చింతపల్లిలోనే ఉంది. కానీ అక్కడికి బజారువాళ్ళు షికార్లకి వస్తుంటారు. స్టీలు కొట్టు షావుకారు చిలకని చూడ్డానికి ఖండాలు దాటి వెళ్తున్నాడని తెలిస్తే బజారంతా నవ్వుతుందని ఆయన భయం. అందుకే బజారువాళ్ళెవరూ రాని కళింగపట్నం ఎంచుకున్నాడు. అక్కడ నూకయ్య అనే జాలరి, కూతురి పెళ్ళికి ఈయన దగ్గరే సామాన్లు కొన్నవాడు, తన బోటులో తిప్పడానికి ఒప్పుకున్నాడు.

అంతా బాగానే ఉంది. కానీ పొద్దున్నే కొట్టుకి తాళం సరిచూసుకుందామని కారు గంటస్తంభం మీదుగా పోనిచ్చారు. పక్క బట్టల కొట్టు ఉపేంద్ర అప్పుడే షట్టరెత్తుతున్నాడు. ఉపేంద్ర వర్తక సంఘానికి అధ్యక్షుడు. బజారువాళ్ళ వాట్సాప్ గుంపుని నడిపేది కూడా ఆయనే. ఊళ్ళో ఎవరికి ఏ మేలు జరిగినా, పక్కన తన బొమ్మ పెద్దదిగా వేయించి ఫ్లెక్సీ కట్టిస్తాడు.

"ఏటి బావా, శుక్కురవారం పూట కొట్టు కట్టేసినావు?"

లక్ష్మణరావు తడబడ్డాడు. చిలక మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. "వెస్టిండీస్ ఎల్తన్నాం బావా. దానికి ప్రాక్టీసు," అన్నాడు. అబద్ధం కాదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఉపేంద్ర కారులోకి తొంగిచూశాడు. వెనక సీట్లో లక్ష్మణరావు కొడుకు వెంకటసాయి కూర్చున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడు. ఎండ తగలకుండా పొడుగుచేతుల తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, పెద్ద అంచున్న తెల్ల టోపీ. ఒళ్ళో కెమెరా నిలబెట్టే స్టాండు పెట్టిన పొడుగాటి సంచి. రోజూ సాయంత్రం ఈ కుర్రాడు గ్రౌండుకి వెళ్ళడం ఉపేంద్రకి తెలుసు. అక్కడ మిగతావాళ్ళు ఆడుతుంటే వాడు గట్టు మీద కూర్చుని పల్లీలు తింటాడని తెలియదు.

"మనోడు కూడానా?" అన్నాడు ఉపేంద్ర గొంతు తగ్గించి.

"ఆడు నేకపోతే ఎలాగ? అంతా ఆడే సూసుకోవాలి," అన్నాడు లక్ష్మణరావు. ఆయన అన్నది ఫొటోలు, కెమెరా సంగతి. కారు కదిలిపోయింది. ఉపేంద్ర షట్టరు సగంలో వదిలేసి ఫోను తీశాడు.

కళింగపట్నంలో నూకయ్యకి ఈ వ్యవహారం అంతుపట్టలేదు. చేపలకా అని అడిగితే కాదన్నారు. అవతల ఏ ఊరికైనా దింపాలా అంటే అదీ కాదన్నారు. ఊరికే కూర్చోవాలన్నారు. ఉప్పునీళ్ళు తగిలి పాడవుతాయని ఫోన్లన్నీ ఒడ్డున చేపలు ఆరబెడుతున్న నూకయ్య భార్య తాతమ్మ చేతికిచ్చి బోటెక్కారు.

వంశధార సముద్రంలో కలిసే చోటు దాటగానే లక్ష్మణరావు బోటు అంచు పట్టుకుని వంగినవాడు మళ్ళీ లేవలేదు. వెనక్కి వెళ్ళిపోదామా అని నూకయ్య రెండుమూడుసార్లు అడిగాడు. కన్యాకుమారి మాత్రం బోటు ముందుభాగంలో కూర్చుని ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అంటోంది. అలల మధ్య ఒక తాబేలు తల పైకెత్తి, ఒక్క క్షణం వీళ్ళని చూసి, తీరిగ్గా మునిగిపోయింది. కన్యాకుమారి కొడుకు భుజం పట్టుకుని ఊపేసింది. లక్ష్మణరావు ఆ అవస్థలోనే తల తిప్పి ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా ఏళ్ళయిందని ఆయనకి తోచింది. తర్వాత మళ్ళీ వంగాడు.

బోటులో సంగతులు నూకయ్య తన ఫోనులో తాతమ్మకి చెప్పి పెట్టేశాడో లేదో, ఒడ్డున లక్ష్మణరావు ఫోను మోగింది. తాతమ్మ తీసింది. అవతల ఉపేంద్ర. ప్రాక్టీసు ఎలా సాగుతోందని అడిగాడు.

"ఏటి సాగుతాది బాబూ, ఒకటే వాంతులు," అంది తాతమ్మ. "ఐనా ఆపడం నేదు. అమ్మగారు ఇంకా ఇంకా అంటన్నారు."

"ఇంత ఎండలోనా?"

"ఎండలోనే బాబూ. గొడుగైనా నేదు."

ఉపేంద్ర కళ్ళు చెమర్చాయి. వెంటనే గుంపులో రాశాడు: మన స్టీలు లక్ష్మణరావు గారి అబ్బాయి వెస్టిండీస్ పర్యటనకి ఎంపికయ్యాడని, మండుటెండలో వాంతులవుతున్నా సాధన ఆపడం లేదని, కన్నతల్లి పక్కనే నిలబడి ఇంకా ఇంకా అని ఉత్సాహపరుస్తోందని. బజారులో కొట్లన్నీ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. ఏ జట్టుకి ఎంపికయ్యాడని ఎవరో ఒకరు అడిగారు. అంత పెద్ద సంగతి జరిగిన రోజున అడిగే ప్రశ్న అదా అని మిగతావాళ్ళు ఆయన్ని మందలించారు.

తిరుగుదారిలో శ్రీకాకుళం దాటాక వెంకటసాయి ఫోను చూసుకున్నాడు. అన్నీ అభినందనలే. స్నేహితులు ఆటపట్టిస్తున్నారనుకుని ఫోను జేబులో పెట్టేశాడు. లక్ష్మణరావు ముక్కు దగ్గర నిమ్మకాయతో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఊళ్ళోకి రాగానే బ్యాండు మేళం వినిపిస్తే, ఎవరిదో పెళ్ళి, కారు పక్కకి తీయమని డ్రైవరుకి చెప్పాడు. మేళం కూడా పక్కకే వచ్చింది.

కళ్ళు తెరిచి చూస్తే గంటస్తంభానికి ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. బ్యాటు పట్టుకున్న బలిష్ఠమైన దేహం ఎవరిదో, దాని మీద తలకాయ మాత్రం తన కొడుకుది. 'వెస్టిండీస్ పర్యటనకు ఎంపికైన మన ముద్దుబిడ్డకు స్వాగతం' అని రాసి ఉంది. పక్కన ముద్దుబిడ్డ కంటే రెండింతలు పెద్దగా ఉపేంద్ర నవ్వుతున్నాడు.

లక్ష్మణరావుకి సముద్రంలో తిరిగి తిరిగి ఆగిన తల మళ్ళీ తిరిగింది. డప్పుల హోరులో ఉపేంద్ర చెవి దగ్గర నోరు పెట్టి, మేం వెళ్ళేది చిలక కోసమని చెప్పాడు. ఉపేంద్రకి తిలకం కోసమని వినిపించింది. మరిచిపోయినందుకు నొచ్చుకుని, అప్పటికప్పుడు కుంకుమ తెప్పించి ముగ్గురి నుదుళ్ళకీ బొటనవేలంత వెడల్పున దిద్దించాడు. ఆ మీదట దండలు పడ్డాయి. దండల మధ్య నుంచి లక్ష్మణరావు మాటలు ఎవరికీ వినిపించలేదు.

ముగ్గురినీ ఫ్లెక్సీ కింద వేసిన వేదిక ఎక్కించారు. అక్కడ వెంకటసాయి కాలేజీ ప్రిన్సిపాల్ కూడా ఉన్నాడు. ఇలాంటి క్రీడాకారుడికి హాజరు తక్కువైందని నోటీసివ్వడం తన వల్ల జరిగిన పొరపాటని, ఆ నోటీసు రద్దు చేస్తున్నానని మైకులో ప్రకటించాడు. నిజం చెప్పేద్దామని అప్పుడే నోరు తెరిచిన వెంకటసాయి ఆ మాట విని మూసేశాడు.

తర్వాత ఎవరో ప్లాస్టిక్ బ్యాటు తెచ్చి వాడి చేతికిచ్చారు. వేసిన మొదటి బంతి వాడి పక్కనుంచే వెళ్ళి ప్రిన్సిపాల్ కుర్చీకి తగిలింది. అయితే కుర్రాడు బౌలరన్నమాట అని జనం తీర్మానించి బంతి చేతికిచ్చారు. అది బ్యాండువాళ్ళ పెద్ద డోలులో పడింది. వికెట్ కీపరై ఉంటాడని ముందు వరసలో ఒకాయన తేల్చాడు. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్య తండ్రిని మాట్లాడమన్నారు. లక్ష్మణరావు మైకు పట్టుకుని భార్యవైపు చూశాడు. ఆమె మెడ నిండా దండలున్నాయి. మొహం మాత్రం వాడిపోయింది. ఇంత రభసయ్యాక ఈయన సిగ్గుపడి ప్రయాణమే మానుకుంటాడని ఆమె అనుకుంటోంది. నిజానికి ఆయన అప్పటికే మానుకున్నాడు కూడా. కానీ తాబేలు తలెత్తినప్పటి మొహం ఆయనకి గుర్తొచ్చింది.

"మావోడికి కిరికెట్టు రాదు," అన్నాడు.

జనం ఎంత వినయమని మెచ్చుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన ఆగి, అవి తగ్గాక, ఎవరూ వాణ్ణి ఎంపిక చెయ్యలేదని, తాము ముగ్గురూ నీళ్ళు మరగడం చూడ్డానికి వెళ్తున్నామని చెప్పాడు. బ్యాండు ఆగిపోయింది. ఉపేంద్ర మొహం మీది నవ్వు ఫ్లెక్సీ మీద మాత్రమే మిగిలింది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

కన్యాకుమారి లేచి వచ్చి భర్త చేతిలో మైకు తీసుకుంది. "ఆయనకి సెప్పడం రాదు. నాను సెప్తాను," అంది.

చెప్పింది. కొండెక్కి కొండ దిగి అడవిలో పూటంతా నడిస్తే, పొగమంచు చీలి, ఆ పొగ కింద ఒక చెరువు నిలబడి ఉడుకుతూ కనిపిస్తుందని చెప్పింది. చెట్ల చిటారు కొమ్మన ఊదారంగు మెడతో, ఆకుపచ్చ రెక్కలతో కూర్చునే చిలక ఇప్పుడు బహు కొద్దిగానే మిగిలిందని చెప్పింది. తిమింగలాలు నీళ్ళలో నిలువునా నిలబడి నిద్రపోతాయని చెప్పినప్పుడు ముందు వరసలో పిల్లలు నోళ్ళు తెరిచారు. పెద్దవాళ్ళు కూడా తెరిచారు గానీ చేతులు అడ్డం పెట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గిన్నెలు, గోడలు చూస్తున్నానని, ఒక్కసారి ఆ అడవి చూడాలనిపించిందని, ఇందులో నవ్వేందుకేముందో తనకి తెలియడం లేదని చెప్పి మైకు వెనక్కిచ్చేసింది.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఉపేంద్ర తల్లి లక్ష్మణమ్మ కర్ర ఊతతో లేచి నిలబడింది.

"ఒరే ఉపేంద్రా, ఆ సిలకని నాను సూడాలి. నన్ను తీసికెల్లు," అంది.

పరువుతో ఏ సందులోంచి జారుకుందామా అని చూస్తున్న ఉపేంద్ర ఆ మాట అందుకున్నాడు. వర్తక సంఘం తరఫున వెస్టిండీస్ ప్రకృతి యాత్ర బయలుదేరబోతోందని, దానికి నాయకురాలు కన్యాకుమారి గారని, ఈ సన్మానం ఆవిడకే ఉద్దేశించిందని అక్కడికక్కడే ప్రకటించాడు. మర్నాడు ఫ్లెక్సీలో వెంకటసాయి తల తీసి కన్యాకుమారిది, బ్యాటు తీసి గొడుగు అతికించారు. పర్యటన అన్న మాట రెండింటికీ సరిపోయింది కాబట్టి దాన్ని కదపలేదు. ప్రిన్సిపాల్ తానూ వస్తానని పేరిచ్చాడు. అందువల్ల హాజరు నోటీసు రద్దు చేస్తానన్న మాట మళ్ళీ రద్దు కాలేదు.

ఆ వారమంతా లక్ష్మణరావు ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. వంటవాణ్ణి తీసుకెళ్ళాలా, ఆ మరిగే చెరువులో బియ్యం ఉడుకుతాయా, చిలక జామకాయ తింటుందా అని వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మొగుడూ పెళ్ళాం కొడుకూ ముగ్గురే నిశ్శబ్దంగా నడుద్దామనుకున్న అడవిలోకి ఇప్పుడు బజారంతా బయలుదేరుతోంది. కన్యాకుమారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లక్ష్మణరావు మాత్రం కొట్లో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ చిలక సంగతి తనే ముందుగా చెబుతున్నాడు.

చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. అడవిలో గొంతెత్తితే చిలక ఎగిరిపోతుందని, గంటసేపు నోరు విప్పకుండా ఉండగలిగినవాళ్ళకే యాత్రలో చోటని తేల్చి చెప్పింది. ఎవరూ తగ్గలేదు. ఆదివారం పొద్దున్న, కొట్లు కట్టకుండానే, ఎవరి గద్దె మీద వాళ్ళు కూర్చుని ప్రాక్టీసు మొదలుపెట్టారు. కన్యాకుమారి గొడుగేసుకుని బజారు ఆ చివరనుంచి ఈ చివరదాకా నడుస్తూ, పెదవి కదిలినవాళ్ళ పేరు కొట్టేయడానికి సిద్ధంగా ఉంది. లక్ష్మణరావు కొట్లోకి వచ్చినవాళ్ళు ధర అడిగారు. ఆయన పలకలేదు. వాళ్ళే ఒక ధర చెప్పారు. ఆయన కళ్ళతో బతిమాలాడు గానీ పెదవి కదపలేదు. ఉపేంద్ర కొట్లోనూ అంతే.

ఆ గంటలో విజయనగరంలో స్టీలు గిన్నెలు ఎన్నడూ లేనంత చవగ్గా అమ్ముడుపోయాయి.