లవంగ నూనె ఉపన్యాసం

ఆ ఉదయం మైక్రోబయాలజీ లెక్చరర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాలేజీ సెమినార్ గదిలో ఓ పాతిక మంది ముందు సుగంధ తైలాలు క్రిములను ఎలా చంపుతాయో చెప్పి రావాలి. ఉపన్యాసం బాగుంటే ఆ తైలాల మీద ప్రత్యేకంగా ఓ కోర్సు పెట్టనిస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఆ మాట కోసం ఆయన ఏళ్ళ తరబడి ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగాడు.

తల దువ్వుకుంటుండగా దవడ పన్ను సలపడం మొదలెట్టింది.

ఆయన భార్య పళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం మంది నోళ్ళు చూసింది గానీ, సొంత మొగుడి నోట్లోకి తొంగిచూసే అవకాశం మాత్రం దొరకలేదు.

"ఒకసారి నోరు తెరవండి, చూస్తాను," అంది.

"లవంగ నూనె మీద పరిశోధన చేసినవాడు పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికెళ్తే జనం నవ్విపోతారు."

"వెళ్ళక్కర్లేదు. ఇటు తిరగండి చాలు."

తిరగలేదు. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న సీసా తీశాడు. చిక్కటి తైలాన్ని నేరుగా వాడకూడదనీ, మామూలు నూనెలో చుక్క కలిపి వాడాలనీ క్లాసులో ఏటా చెప్పేది ఆయనే. అయితే ఆ జాగ్రత్త విద్యార్థుల కోసమని ఆయన ఉద్దేశం. దూదిని నిండా ముంచి పంటి మీద పెట్టాడు. నొప్పి నిజంగానే పోయింది. చూశావా అని భార్యతో అనబోయేసరికి దూది జారి నాలుక మీద పడింది. నోరు భగ్గుమంది. కాసేపటికి మంట చల్లారింది గానీ, నాలుకా పెదవులూ తనవి కావనిపించింది.

ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు. నోరు మొద్దుబారింది, ఆలస్యంగా వస్తానని చెప్పాలనుకున్నాడు. "నూలు అంది... ఒత్తా," అని వచ్చింది.

"నూరు మంది వస్తారా? ముందే చెప్పొద్దూ సార్. పెద్ద హాలుకి మార్చేస్తాను," అని ఫోన్ పెట్టేశాడాయన.

లెక్చరర్ కంగారుగా 'నేను మాట్లాడలేను' అని మెసేజ్ పంపాడు. కారణం లవంగ నూనె అని రాయడానికి మాత్రం వేళ్ళు రాలేదు. వెంటనే జవాబు వచ్చింది: 'మీ వినయం నాకు తెలుసు. క్లాసులన్నీ రద్దు చేసి పిల్లల్ని కూర్చోబెడుతున్నాను.'

భార్యే కారు నడిపింది. దారిలో పెదవుల వెంట కారుతున్న ఉమ్ము తుడుచుకోవడానికి ఆయన సంచిలోంచి చేతికందిన గుడ్డ తీశాడు. అది ముందురోజు ఒలికిన నీలగిరి తైలం తుడిచిన గుడ్డ. ఆ సంగతి కళ్ళు కూడా తుడుచుకున్నాక గుర్తొచ్చింది.

హాలు కిటకిటలాడుతోంది. ఆయన మైకు ముందు నిలబడి, ఒక్కొక్క స్లయిడూ చూపిస్తూ, అర్థంకాని శబ్దాలు చేస్తూ, ధారగా కన్నీళ్ళు కార్చాడు. చివరి వరసలో పిల్లలు సైతం ఫోన్లు పక్కన పెట్టేశారు. "సబ్జెక్టు మీద ప్రేమంటే అదీ," అని ప్రిన్సిపాల్ పక్కవాళ్ళతో అన్నాడు.

అప్పుడు ఒకమ్మాయి లేచింది. "సార్, ల్యాబ్‌లో క్రిముల్ని చంపిన నూనె మనిషి నోట్లో కూడా అలాగే పనిచేస్తుందా?"

ఎంతో మంచి ప్రశ్న. ఆయన దగ్గర జవాబుంది, చెప్పడానికి నాలుకే లేదు. చుట్టూ చూశాడు. ఇక పోయే పరువేం లేదనిపించింది. నోరు బార్లా తెరిచి వేలు పెట్టి చూపించాడు.

ముందు వరసలోంచి భార్య లేచి, బ్యాగులోంచి టార్చి తీసి, స్టేజి ఎక్కింది. పెళ్ళయిన ఇన్నాళ్ళకు ఆ నోట్లోకి తృప్తిగా చూసింది. తర్వాత మైకు అందుకుంది.

"లవంగ నూనె నొప్పి తెలియకుండా చేస్తుంది, క్రిముల్ని అణుస్తుంది. అది నిజం. ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే గాజు పళ్ళెంలో అయితే ఇంకా బాగా అణుస్తుంది. ఎందుకంటే గాజు పళ్ళేనికి నాలుక ఉండదు. ఇక్కడ చూడండి, నేరుగా వాడితే ఇలా బొబ్బలొస్తాయి. నొప్పి పోయింది గానీ పుచ్చు అలాగే ఉంది. కాస్త ఇటు తిరగండి, వెనకవాళ్ళకి కనబడాలి."

ఈసారి ఆయన తిరిగాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. కాలేజీలో ఇంత స్పష్టమైన ఉపన్యాసం ఎప్పుడూ వినలేదంటూ ప్రిన్సిపాల్ అక్కడికక్కడే కోర్సు మంజూరు చేశాడు. సంవత్సరాంతపు నివేదికలో వక్త అన్న చోట భార్య పేరూ, ప్రదర్శనకు వాడిన సామగ్రి అన్న చోట లెక్చరర్ పేరూ అచ్చయ్యాయి.