భుజం పట్టేసిన భాగ్యం

...అందుకే అంటున్నాను, యాభై దాటిన ప్రతి మనిషికీ ఒక భుజం పట్టేసి తీరాలి! డాక్టరుగారు దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నేను విముక్తి అంటున్నాను.

మాది కోనసీమ. ఇక్కడ ‘కుదరదు’ అనే మాట నోటికి రాదు. ఎవరేం అడిగినా ‘ఆయ్, అలాగేనండి’ అనేసి, ఇంటికొచ్చి బాధపడతాం. యాభై నాలుగేళ్ళుగా నా నోరు చెప్పలేని మాటను నా కుడిభుజం ఒక్క రోజులో చెప్పేసింది. మింగేసిన నిరాకరణలన్నీ వెళ్ళి కీలులో గడ్డకట్టాయంటే నమ్మరా?

మొన్న అమలాపురంలో కొబ్బరి రైతుల సంఘం మీటింగు. కార్యదర్శి పదవికి ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ నావైపే చూశారు. చెయ్యి లేస్తేగా!

“మూర్తిగారికి భుజం బాలేదండి, ఇబ్బంది పెట్టకండి” అంటూ భాస్కరరావుగారు తన చెయ్యి ఎత్తారు. పాపం, ఆయన భుజాలు రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి!

చిన్న నష్టం లేకపోలేదు. మా వైపు పెళ్ళి భోజనాల్లో విస్తరి మీద ఒక చెయ్యి అడ్డం పెడితే మొహమాటం, రెండూ పెడితేనే నిజంగా చాలని అర్థం. కొత్తపేట పెళ్ళిలో బూరెలు వచ్చినప్పుడు నా ఎడమచెయ్యి ఒక్కటే ఆకు పైఅంచు దాకా చేరింది.

“మొహమాటపడకండి బావగారూ!” అని మూడు వేసేశారు. తిన్నాను.

ఇక ఇంట్లో రాజభోగం! అటక మీది డబ్బాలు దించక్కర్లేదు. దోమతెర కట్టక్కర్లేదు. దండెం మీద తడి దుప్పట్లు వెయ్యక్కర్లేదు. మరి అవన్నీ ఎవరు చేస్తున్నారంటారా? ఏమో, అయిపోతున్నాయి.

ఫిజియోథెరపీ ఆయన మాత్రం రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తే ఆర్నెల్లలో నయమైపోతుందని బెదిరించాడు!

ఇంతవరకూ రాసి తలెత్తాను. నా భార్య ఉమామహేశ్వరి అద్దం ముందు జడ వేసుకోబోతోంది. చెయ్యి వెనక్కి పోలేదు. పళ్ళు బిగపట్టి మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఆగిపోయింది.

“నీకూ నొప్పేనా? ఎప్పటినుంచి?”

“రెండేళ్ళవుతోందండి.”

“చెప్పలేదేం?”

“చెప్పేనండి. ‘వయసు కదా, అంతే’ అన్నారు. అప్పుడు పేపరు చదువుకుంటున్నారు లెండి.”

“డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది.”

“వెళ్ళొచ్చేలోగా మీ దుప్పట్లు ఎవరు ఆరేస్తారండీ?” అని నవ్వింది. నవ్వుతూ కూడా రెండో చేత్తో భుజం పట్టుకునే ఉంది.

నా భుజం మొయ్యనన్నదంతా ఎక్కడికి పోతోందనుకున్నాను?

ఆమెను కుర్చీలో కూర్చోమన్నాను. దువ్వెన అందుకుని, ఎడమచేత్తో, అడ్డదిడ్డంగా, చిక్కు తియ్యడం మొదలుపెట్టాను.