బావగారి గొంతుకు నాలుగు తలుపులు

ఆ ఉదయానికి అత్త వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదిన్నరకు అమ్మడిని కారెక్కించాలి. కారు వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నవ్వుతూ నిలబడాలి. ఆ తరువాతే లోపలికి వెళ్ళి ఏడవాలి. అందుకోసం పొయ్యి మీద సన్నని సెగన పాలు కూడా పెట్టి వచ్చింది. పాలగిన్నె ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటే ఎవరైనా ఆవిరి తగిలిందనుకుంటారు.

అమ్మడు ఆమె మేనకోడలు. తల్లి పోయాక ఆరేళ్ళ పిల్లగా అత్త ఒళ్ళోకి వచ్చింది. ఇప్పుడు మూడు గంటల ప్రయాణం దూరంలోని ఊళ్ళో, మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల వచ్చి రిజిస్టరులో సంతకం చేయకపోతే ఉద్యోగం జాబితాలో తరువాతి మనిషికి ఇస్తామని కాగితంలో రాశారు. అత్త ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు విప్పి చదివిందంటే, కాగితం సరిగ్గా ఆ మడత దగ్గరే చిరిగింది.

పిల్ల తండ్రి, అంటే అత్త తమ్ముడు, నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసి, స్పీకరు పెట్టెలు తయారుచేసిన మనిషి. వీధిలో అతన్ని అందరూ రేడియో అనే పిలుస్తారు. కూతురికి తన పాత కారు ఇస్తూ, అందులో ఒక పాట కూడా పెట్టి పంపాలనుకున్నాడు. ఎప్పుడో అత్త భర్త వరండాలో కూర్చుని తనలో తాను పాడుకుంటుంటే, తమ్ముడు చాటుగా టేపులో పట్టిన పాట అది. మొత్తం పదకొండు నిమిషాలు. పాడిన మనిషి పోయి పద్నాలుగేళ్ళయింది. ఆయనది బావిలోంచి పలికినట్టుండే గొంతు. కారులో పెట్టి చూస్తే మాత్రం డబ్బాలో పడ్డ ఈగలా వినిపించింది.

"స్పీకరు తప్పు కాదక్కయ్యా, డోరు తప్పు," అన్నాడు తమ్ముడు. "స్పీకరుకి డోరే పెట్టె. అదేమో డొల్ల, పైగా ఒళ్ళంతా కన్నాలు. స్పీకరు వెనక చప్పుడు ఆ కన్నాల్లోంచి ముందుకొచ్చి ముందు చప్పుడుని మింగేస్తోంది. అది చాలదన్నట్టు రేకు కూడా తనూ పాడతానంటోంది."

"మరి రేకునేం చేస్తావు?"

"నోరు మూయిస్తా."

మూడు రోజులు మూయించాడు. డోర్ల లోపలి అట్టలు ఊడదీశాడు. రేకును స్పిరిటుతో తుడిచి, నల్లటి జిగురు షీట్లు ముక్కలుగా కోసి అంటించాడు. చిన్న రోలరుతో, షీటు మీది వెండి రేకులో గళ్ళన్నీ చదునయ్యేదాకా నొక్కాడు. కన్నాలన్నీ కప్పేశాడు. అద్దాల అంచులకు కొత్త రబ్బరు వేశాడు. ముందు డోర్లలోనే స్పీకర్లున్నా, షీట్లు మిగిలాయని వెనక డోర్లనూ వదల్లేదు. అత్త గిన్నెలో మరలు పట్టుకుని పక్కనే కూర్చుంది. అరవై దాటిన తమ్ముడు బోర్లా పడుకుని, డోరు కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కనిపించని మూలను కూడా తడిమి తడిమి నొక్కుతుంటే, వీడికి ఈ ఓపిక ఎక్కడిదా అని చూస్తూ ఉండిపోయింది.

"కొట్టి చూడక్కయ్యా," అనేవాడు ఒక్కో డోరూ అయ్యాక. మొదట వేలితో కొడితే ఖాళీ బిందెలా ఖంగుమన్న రేకు, ఇప్పుడు నిండు బియ్యం బస్తాలా దబ్బుమంది. జిగురు వాసన పోవాలని ఆ రాత్రంతా నాలుగు డోర్లూ బార్లా తెరిచి ఉంచాడు.

తెల్లవారి సామానంతా వెనక సీటులో సర్దాక, తమ్ముడు అత్తను ముందు సీటులో కూర్చోబెట్టాడు. "ఒక్క పాట విని దిగు. బావగారి గొంతు బావగారి గొంతులా ఉందో లేదో నువ్వే చెప్పాలి."

చెప్పులు కూడా వేసుకోకుండా కూర్చుంది అత్త. అమ్మడు ఫోను కారు పైకప్పు మీద పెట్టి, స్టీరింగు ముందు కూర్చుని ఇంజనూ ఏసీ కూడా వేసింది. తమ్ముడు పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు నాలుగు డోర్లూ తానే ఒకటొకటిగా మూశాడు. దబ్. దబ్. దబ్. దబ్.

పాట మొదలైంది. గొంతు చెవిలోకి రాలేదు, పక్కటెముకల్లోకి వచ్చింది. పాట మధ్యలో ఆయన గొంతు సవరించుకోవడం, కుర్చీ కిర్రుమనడం కూడా వినిపించాయి. పథకం అక్కడే చెడింది. అత్త గేటు దాకా ఆగకుండా ముందే ఏడ్చేసింది. ఏడుపు మధ్యలో పాలు గుర్తొచ్చాయి.

"అమ్మడూ, పాలు. దిగుతాను," అంటూ పిడి లాగింది. పిడి వచ్చింది గానీ తలుపు రాలేదు. అమ్మడు తన వైపు లాగింది. వెనక్కి వంగి సామాను మీదుగా మిగతా రెండూ లాగింది. ఏదీ కదల్లేదు. అద్దాలు దించబోయింది. అవీ దిగలేదు.

"అత్తా, డోర్ల లోపల పిడికీ గడియకీ మధ్య సన్నటి కడ్డీలుంటాయి కదా. వాటిమీద కూడా అంటించాడా నాన్న?"

"గలగలమంటున్నాయని వాటినీ పడుకోబెట్టాడే. చక్కగా నొక్కాడు, నేను దగ్గరుండి చూశా."

స్పీకరు పెట్టెలో కదిలేది ఏదీ ఉండకూడదు. నలభై ఏళ్ళు తమ్ముడు నమ్మిన సూత్రం అదే. తలుపన్నాక కదిలేవి కొన్ని ఉండాలన్న సంగతి ఆ శ్రద్ధలో కొట్టుకుపోయింది.

అత్త అద్దంలోంచి తమ్ముడికి పాల సంగతి చెప్పబోయింది. రెండు చేతులూ కింది నుంచి పైకి, పొంగుతున్నట్టు లేపి చూపించింది. తమ్ముడి ముఖం విప్పారింది. పాటలో బేసు అలా పొంగుతోందన్నమాట. అతనూ చేతులు పొంగించి తలాడించాడు.

"అరిచినా ఒక్క ముక్క వినబడట్లేదు అత్తా."

"ఎంత బాగా చేశాడో," అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

చివరకు అమ్మడు పిడిని ఊడేలా లాగి చూపిస్తే తమ్ముడికి విషయం తెలిసింది. బయటి నుంచి నాలుగూ లాగాడు. ముఖం పాలిపోయింది. కాసేపు తల గోక్కున్నాడు. తరువాత ఏదో తట్టినట్టు వేలెత్తి ఆకాశం చూపించాడు. పది వేళ్ళూ చాపాడు. రెండు అరచేతులూ నెమ్మదిగా కిందికి నొక్కాడు.

"ఏమంటాడే?"

"పైన దేవుడున్నాడంటున్నాడు."

"మీ నాన్న దేవుడి మాట ఎత్తాడా? అయితే పరిస్థితి ఏం బాగాలేదు. ఆ పది వేళ్ళేమిటి?"

"పది నిమిషాల్తక్కువ తొమ్మిదయింది. టైమవుతోంది, నెమ్మదిగా పోనివ్వమంటున్నాడు. అక్కడ ఆఫీసు దగ్గర ఎవరో ఒకరు తీస్తార్లే అత్తా. ఇక్కడే కూర్చుంటే ఉద్యోగం పోతుంది."

"నా కాళ్ళకి చెప్పుల్లేవే."

"ఉన్నా దిగలేవు కదా."

ఆ మాట అత్తకు సబబుగానే తోచింది. కారు కదిలింది. పైకప్పు మీది ఫోను జారిపోతుంటే తమ్ముడు అందుకుని, దాన్ని ఊపుతూ వెంటపడ్డాడు.

"చేరగానే ఫోను చేయమంటున్నాడు పాపం," అని అత్త కూడా చెయ్యి ఊపింది.

పక్క అద్దంలో తమ్ముడు ఆగి, జేబులోంచి తన ఫోను తీసి ఏదో నొక్కాడు. మరుక్షణం రెండో చేతిలోని ఫోను వైపు ఉలిక్కిపడి చూసి, దాన్నీ చెవికి పెట్టుకున్నాడు. రెండు చెవులకూ రెండు ఫోన్లతో వీధి మధ్యలో నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఎవరు వెళ్ళినా గేటు దగ్గర మిగిలింది అత్తే. అలా మిగిలిన మనిషి కారులోంచి చూస్తే అంత త్వరగా అంత చిన్నగా అయిపోతాడని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"వాడికి అన్నం ఎవరు పెడతారే?" అంది.

అమ్మడు పాట మళ్ళీ పెట్టింది.

దారిలో ఆ పాట చాలాసార్లు విన్నారు. లారీలు పక్కనుంచి పోతున్నా, గతుకులు తగులుతున్నా డోరు ఒక్కసారి కూడా వణకలేదు. మామయ్య రెండో చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అమ్మడు కనిపెట్టింది. ఎక్కడ మాట మరిచిపోయి హమ్మింగుతో దాటేశాడో అత్త కనిపెట్టి, పద్నాలుగేళ్ళ తరువాత ఆయన్ని వెక్కిరించింది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా ల్యాబు గేటు ముందు ఆగారు. కాపలా మనిషి వచ్చి అమ్మడి వైపు పిడి లాగాడు. లోపల్నుంచి అమ్మడు భుజంతో తోసింది. దారి పొడవునా ఆ తలుపుకే ఎండ కొట్టింది. జిగురు సాగుతున్నట్టు ఒక పొడుగాటి చప్పుడు చేసి, తలుపు తెరుచుకుంది. తాకి చూస్తే రేకు కాలుతోంది.

"ఎండకి మెత్తబడింది అత్తా," అంటూ పిల్ల పరుగెత్తింది.

అత్త తలెత్తి సూర్యుణ్ణి చూసింది. పైన ఉన్నాడని తమ్ముడు చెప్పింది ఆయన గురించి. పది నిమిషాలు ఎండలో ఉంచి ఆగమన్నాడు. ఆ పిచ్చివాడు దేవుడి మాట ఎత్తనే లేదు.

సంతకం పన్నెండుకు మూడు నిమిషాలుండగా పడింది. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. అమ్మడు తిరిగొచ్చి, తలుపు ఇక తెరుచుకుంటుందన్న ధైర్యంతో, కారును మంచి ఎండలో ఆపి మూసుకుంది. ఏసీ వేసి మళ్ళీ పాట పెట్టింది.

రెండు గంటలకు బస్సు దిగి తమ్ముడు వచ్చాడు. ఒక చేతిలో రెండు ఫోన్లు, మరో చేతిలో అక్కయ్య చెప్పులు. పరీక్ష తప్పిన పిల్లాడిలా తల వంచుకుని, అత్త వైపు అద్దం మీద మెల్లగా తట్టాడు. ముందు ఉద్యోగం సంగతేమైందని కళ్ళతోనే అడిగాడు. అమ్మడు గాల్లో సంతకం చేసి చూపించింది. తమ్ముడు చెప్పులతోనే ముఖం తుడుచుకోబోయి ఆగాడు. ఆ తరువాత చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఎలా ఉందన్నట్టు అత్త వైపు చూశాడు.

అత్త చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. తరువాత పది వేళ్ళూ చాపి, రెండు అరచేతులూ నెమ్మదిగా కిందికి నొక్కింది. పాట అప్పుడే మొదలైంది మరి.

తమ్ముడికి వెంటనే అర్థమైంది. చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కాలిబాట అంచున బుద్ధిగా కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది అత్తకు, పాలు ఏమయ్యాయో అడగలేదని. అద్దం దించబోయింది గానీ, అది తమ్ముడు ఎంత శ్రద్ధగా బిగించాడో అంతే శ్రద్ధగా ఉన్నచోటే ఉంది.