ఓడిన రౌతుకు చుట్టం

ఇవాళ ఎలాగైనా ఎవరితోనో ఒకరితో నాలుగు మాటలు మాట్లాడాలి అనుకుంటూ ఆ సోమవారం పొద్దున్న ఎర్మెక్ ఆఫీసుకు బయలుదేరాడు. ఓష్ పట్నం నుంచి నారిన్ ఊరి కరెంటాఫీసుకు బదిలీ మీద వచ్చినప్పటి నుంచీ మధ్యాహ్నాలు కిటికీ వైపు తిరిగి ఒంటరిగా తింటున్నాడు. మిగతావాళ్లంతా ఒకే బల్ల చుట్టూ చేరి కోక్-బోరు గురించి గొంతులు చించుకునేవారు. గుర్రాల మీంచి మేక కళేబరం కోసం పెనుగులాడే ఆ ఆటలో అతనికి మేక తప్ప మరేదీ తెలియదు.

"నిన్న ఆట బాగుందటగా" అందామని బల్ల దగ్గరికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే గుల్సారా అక్క, "మన కుబాన్ ఉన్నాడే, వాడు గుర్రమెక్కితే సింహమే!" అంది.

"కుబాన్ మావాడే" అనేశాడు ఎర్మెక్.

"మీవాడంటే?"

"అంటే... మా అమ్మ తరఫు. కాస్త దూరం."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా!" అంటూ పెద్దాయన తాలాయ్ జరిగి చోటిచ్చాడు. ఒకరు టీ పోశారు. ఇంకొకరు తన గిన్నెలోని మంచి మాంసం ముక్క తీసి అతని గిన్నెలో వేశారు. అది గొంతుకు అడ్డం పడింది. అయినా మింగేశాడు.

బుధవారం నాటికి, కుబాన్‌కు మొన్న పట్టుకున్న మోకాలి నొప్పి ఎలా ఉందని అందరూ ఎర్మెక్‌నే అడగసాగారు. "తగ్గిపోయిందట" అన్నాడు. ఆ మాట సంతంతా పాకింది. మాంసం కొట్టతను రోడ్డు మీద ఆపి, "నీ మాట నమ్మి ఆదివారం ఆట మీద నా పొట్టేలును పందెం కాశాను" అన్నాడు. శనివారం మేనేజరు పిలిచి, "రేపు ముందు వరసలో నా పక్కన కూర్చో. ఆటయ్యాక మీవాడిని పరిచయం చెయ్యాలి" అన్నాడు. నిజం చెప్పేద్దామని ఎర్మెక్ నోరు తెరిచాడు. "అలాగేనండి" అని మాత్రమే వచ్చింది.

కుబాన్ మోకాలు ఏమాత్రం తగ్గలేదని ఆదివారం ఊరంతా చూసింది. మేక అతని చేతుల్లోంచి జారినప్పుడల్లా జనం ఎర్మెక్ వైపు తిరిగారు.

"తగ్గిపోయిందన్నావుగా!"

"మీవాడికి పొద్దున్న తిండి పెట్టలేదేంటయ్యా?"

నారిన్ జట్టు చిత్తుగా ఓడింది. ఎర్మెక్ టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు. మేనేజరు మాత్రం వదల్లేదు. ఆఫీసువాళ్లంతా కలిసి అతన్ని గుర్రాల దగ్గరికి నడిపించారు. అక్కడ కుబాన్ జీనుకు తల ఆన్చి నిలబడి ఉన్నాడు. ఎర్మెక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నన్ను క్షమించండి. ఇతను మా చుట్టం కాదు. ఇతనెవరో నాకు తెలీదు."

గుల్సారా అక్క మొహం ఎర్రబడింది. "ఛీ! గెలిస్తే మావాడు, ఓడితే ఎవరో తెలీదా?"

"నిజంగానే కాదక్కా! ఒట్టు!"

"మళ్లీ ఒట్టు కూడానా!" అన్నాడు తాలాయ్.

కుబాన్ తల ఎత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "పోనీలే అక్కా, తిట్టకు. మా బావ వెనక గేటులోంచి జారుకున్నాడు. సొంత తమ్ముడు ఫోనెత్తడం లేదు. ఈయనైనా నయం, ఎదురుగా వచ్చి చెప్పాడు."

ఎర్మెక్ సిగ్గుతో చచ్చిపోయాడు. అబద్ధమాడిన వారమంతా కలిపి కూడా అంత సిగ్గుపడలేదు. గబగబా వెళ్లి కుబాన్‌ను కావలించుకున్నాడు.

"తప్పయిపోయింది తమ్ముడూ!"

"ఆఁ, మనిషన్నాక అలా ఉండాలి" అని తాలాయ్ అతని వీపు చరిచాడు. గుల్సారా అక్క తన శాలువా తీసి కుబాన్ మోకాలికి బిగించి కట్టింది. మేనేజరు ముక్కు చీదుకున్నాడు. ఓడిన ఆటను మొదటి నుంచీ తిట్టుకుంటూ అందరూ బయలుదేరారు. కుబాన్ కుంటుతుంటే ఎర్మెక్ అతని గుర్రం కళ్లెం పట్టుకుని పక్కనే నడిచాడు. దారి పొడవునా జనం తిట్టిన తిట్లలో సగం ఎర్మెక్‌కే వచ్చాయి. అది అతనికి హాయిగా అనిపించింది. అందుకు మళ్లీ సిగ్గేసింది.

ఇప్పుడతనికి ఒక్కటే దిగులు: వచ్చే ఆదివారం నారిన్ గెలిస్తే అసలు చుట్టాలంతా తిరిగొస్తారు.