ఒత్తులు రాలిన ఆదివారం

కంప్యూటరంటే సగం బల్లను ఆక్రమించే బండపెట్టె అయిన రోజులవి. ఆ ఆదివారం పొద్దున టైపిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళకల్లా ఇరవై నిమిషాల జపాను కార్టూన్ ఒకదానికి కింద తెలుగు మాటలు వేసి అమ్మమ్మకు చూపించాలి. అంతే.

అమ్మమ్మకు ఏడాదిగా చెవులు బొత్తిగా వినపడవు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు నవ్వుతుంటే ఆమె తన గదిలో గోడవైపు తిరిగి కూర్చునేది. ఒకరోజు మాత్రం ఈ కార్టూన్ ఆడుతుంటే గుమ్మంలో ఆగి, "ఆ అబ్బాయి కుక్కతో ఏమంటున్నాడే?" అని అడిగింది. ఏడాదిలో ఆమె తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. ఇక టైపిస్టుకు కాలు నిలవలేదు.

సాయానికి వచ్చినవాళ్ళిద్దరూ చిన్నప్పుడు బళ్ళో ఆమె బెంచీవాళ్ళే. చేపల ఎగుమతి ఆఫీసులో జపానుకు ఉత్తరాలు రాసే అమ్మాయిని అందరూ చిరునామా అనేవారు. వీధి చివర గడియారాలు బాగుచేసే అబ్బాయిని ముల్లు అనేవారు. చిరునామా అర్థం చెప్పాలి, టైపిస్టు కొట్టాలి, ఏ మాట ఏ క్షణాన తెరమీదికి రావాలో ముల్లు లెక్క కట్టాలి.

"తప్పిపోయిన చెల్లి కోసం వచ్చి, రాక్షసితో 'తమరు దయచేసి మా చెల్లిని వెంటనే పంపగలరు' అంటాడేంటే?" అంది టైపిస్టు.

"నాకొచ్చిన జపాను అంతే. ఆఫీసు ఉత్తరాల్లో తిట్లుండవు కదా!" అంది చిరునామా.

ఇంతలో ముల్లు తుమ్మాడు. చేతిలో గడియారం జారింది. "ఓ ఐదు సెకన్లు పోయుంటాయి," అన్నాడు.

"ఒరేయ్, మళ్ళీ మొదట్నించి చూడరా!" అంది టైపిస్టు.

"ఐదు సెకన్లకి కొంపలేం మునగవులే!"

వంటింట్లోంచి అమ్మ, ఏం చేస్తున్నారని కేకేసింది. "సినిమాకి మాటలు రాస్తున్నాం," అంది టైపిస్టు తల ఎత్తకుండా. ఆ మాటను అమ్మ పై వాటాలో ఉండే దర్జీ భార్యకు చేరవేసింది. దర్జీ భార్య దానికి కాస్త అంచు కుట్టి కింది వాటా హెడ్‌మిస్ట్రెస్‌కు అందించింది. పన్నెండింటికి తలుపు తీస్తే పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. కొందరు కుర్చీలు కూడా మోసుకొచ్చారు. టైపిస్టు సినిమా తీసిందట, మొదటి ఆట వాళ్ళకేనట!

కాదంటే అమ్మ మాట పోతుంది. అమ్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, టైపిస్టు బొమ్మ మొదలుపెట్టింది. తాము తెలుగు అక్షరాలు కొట్టిన చోట ఒత్తులు బాగానే ఉన్నాయి. బొమ్మ ఆడించే ప్రోగ్రాములో మాత్రం అక్షరాలు వచ్చాయి గానీ ఒక్క ఒత్తూ రాలేదు. ఆ సంగతి పద్దెనిమిది మందితో పాటే ఆమెకూ తెలిసింది.

"నా చెలి ఎకడ?" అన్నాడు తెరమీద అన్న.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకుంది. "చెలా? ఇంకా మీసం కూడా రాలేదే!"

"తమరు దయచేసి మా చెలిని వెంటనే పంపగలరు."

"మర్యాదస్థుడే పాపం," అంది దర్జీ భార్య.

అప్పుడు చెల్లెలు ఏడుస్తూ ఏదో అంది. ఆ మాటలు ఐదు సెకన్లు ఆలస్యంగా, సరిగ్గా కుక్క నోరు తెరిచినప్పుడు వచ్చాయి. "అనా, నను ఇంటికి తీసుకెళు."

"అనా ఎవరు?"

"ఆ కుర్రాడి పేరై ఉంటుంది. అయ్యో, రాక్షసి వాడి చెలిని కుక్కని చేసేసిందమ్మా!" దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంది.

దారి తెలిసిన బల్లిని ఇప్పించమని అన్న అడిగాడు. తెరమీద "దారి తెలిసిన బలిని ఇపించగలరు" అని పడింది.

"కుక్కని బలిస్తారా!" పిల్లలు ఘొల్లుమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ లేచి నిలబడింది. "పసివాళ్ళకి చూపించేది ఇదేనా? ఆపండి ముందు!"

"ఆపకండి! కుక్క సంగతి తేలాలి!" అని పై వాటా అరిచింది. ముల్లు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. చిరునామా చెప్పులు వెతుక్కుంటోంది. టైపిస్టుకు తల కొట్టేసినట్టయింది. స్విచ్చి మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఒక నవ్వు వినిపించింది. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని నవ్వు. అమ్మమ్మ పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"తియ్యవే చెయ్యి! చెలి కాదమ్మా అది, చెల్లి! బలి కాదు, బల్లి! ఆ మాట కుక్కది కాదు, అదిగో ఆ పిల్లది!"

పెళ్ళికి ముందు నుంచీ ముప్పై ఏళ్ళు అచ్చాపీసులో సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. రాలిన ఒత్తులు ఆమెకు కొత్త కాదు. బొమ్మను మళ్ళీ మొదట్నించి వేయించి, ఒక్కో వాక్యానికి ఒత్తులు తగిలిస్తూ, ఎవరి మాటను వాళ్ళ నోటికి అప్పగిస్తూ పైకి చదివింది. తన గొంతు తనకే వినపడదు కాబట్టి వీధి చివరిదాకా వినపడేలా చదివింది. వినపడని మనిషి చెబుతుంటే పద్దెనిమిది మంది నోళ్ళు మూసుకుని విన్నారు. చెల్లి దొరికినప్పుడు హెడ్‌మిస్ట్రెస్ ముక్కు చీదింది.

"వచ్చే ఆదివారం ఏం వేస్తారు?" అని అడిగి మరీ వెళ్ళారు అందరూ.

జట్టు అలా మొదలైంది. తర్వాత ఏళ్ళ తరబడి, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఎక్కడెక్కడో ఈ జట్టు వేసిన తెలుగు మాటలతో ఆ బొమ్మలు చూశారు. అమ్మమ్మ కోసమని మొదలుపెట్టిన పనిలో అమ్మమ్మే పెత్తనం చేసింది. ఇప్పుడు ఆమె లేదు. ఆ ముగ్గురూ కలిసినప్పుడు మొదటి వారం కాగితాలు తీసి చూసుకుంటారు. వాటిలో ఆమె ఎర్రసిరా తగలకుండా మిగిలినవి ఆ ముగ్గురి పేర్లే. అందులోనూ ముల్లు పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంది.